అగ్గి మాట వినే చెయ్యి

"కండ్లు మూసుకో తాతా. కాలికి ఈ దారం తగిలిస్తాను. తగిలినప్పుడంతా చెప్పు" అనింది డాక్టరమ్మ.

తిరుపతిలో ఆసుపత్రి. నా మనవరాలంత పిల్ల. చేతిలో ఒక చిన్న పుల్ల, దాని కొసన గాలానికి కట్టే దారం మాదిరి సన్నపు తీగ. నేను బల్ల మీద కాళ్ళు చాపి కండ్లు మూసుకున్నాను.

"తెలస్తా ఉండాదా తాతా?"

"తెలస్తా ఉండాది."

"ఇప్పుడు?"

"ఊ. బొటనేలి కింద."

"నేనింకా పెట్టనే లేదు తాతా" అనింది.

పక్క బల్ల మీదుండే ఆయప్ప నవ్వినాడు. నాకు నవ్వు రాలా. నేను అబద్ధాలు చెప్పే మనిషిని కాదు. మొగం మీదనే అనేస్తానని ఊర్లో నాకు చెడ్డ పేరు. ఆ పొద్దు చెప్పినానంటే బయానికి చెప్పినాను. కాలికి ఏమీ తెలీకుండా పోయిన మనిషిని ఒకాయన్ను నేను చూసినాను. అది కాలితో ఆగలేదు. అది గూడా చూసినాను.

వచ్చే మంగళారం మల్లా రమ్మనింది ఆ పిల్ల. ఒక కాగితం చేతికిచ్చి "ఇంట్లో ఎవురి చేతనన్నా చదివించుకో" అనింది. "నాకే వచ్చు" అన్నాను. మడిచి జోబీలో పెట్టుకోని చిత్తూరు బస్సెక్కినాను. బస్సులో దాన్ని విప్పలా. అట్లాంటి కాగితాన్నే నేను పదైదేండ్ల కిందట ఒక బస్సులో చదివినాను, ఇంకొకరి కోసం.

ఆయన పేరు రాయను. ఆయన పెండ్లాం ఇంకా బతికుండాది. గానుగ కాడ అందరూ ఆయన్ను మామా అనేవాళ్ళు, నేను గూడా అంతే. చుట్టరికం ఏమీ లేదు. ఆయన నన్ను మనసు బాగుంటే అల్లుడా అనేవాడు, లేకపోతే ఒరే అనేవాడు.

చిత్తూరు నుంచి పాకాల పొయ్యే దోవలో ఉండేది ఆ గానుగ. తెలీనోళ్ళకు చెప్తాను. చెరుకు ఆడించి, ఆ రసాన్ని గదంత పెనంలో పోసి, కింద మంట పెట్టి కాంచితే పాకం. పాకం ఆరితే బెల్లం. మంట పెట్టేది నా పని. ఎండిన చెరుకు పిప్పి పొయ్యి నోట్లోకి తోస్తానే ఉండాల. పాకం ఎప్పుడు దించాలో చెప్పేది మామ పని. రవంత ముందు దించితే బెల్లం కట్టదు. రవంత ఆలస్యమైతే మాడతాది. ఆ రవంత ఎంతో ఆయనకొకడికే తెలుసు.

నెత్తికి తుండుగుడ్డ చుట్టి ముడి కుడి చెవి మీదికి వేసుకునేవాడు. ఎడమ చెవి మాత్రం ఖాళీగా ఉండాల, అది పెనానికి. పాకం ఎగజిమ్ముతా ఉంటే ఆ చెవిని దాని మీదికి వంచి నిలబడేవాడు. "పాకం మాట్లాడతాది రా. మొదట్లో ఆడోళ్ళ గుంపు మాదిరి గలగలా అంటాది. పోను పోను ముసిలోడి మాదిరి గొణుగుతాది. గొణిగేటప్పుడు దించాల" అనేవాడు. మంట కాడ నుంచి నేను "గొణుగుతాండాదా మామా?" అంటే, "ఇంకా లే, పెండ్లాంతో పోట్లాట ఐపోలా" అనేవాడు.

చెవి చెప్పినాక వేళ్ళు. పక్కన ముంతలో చన్నీళ్ళు ఉంటాయి. మూడు వేళ్ళు నీళ్ళల్లో ముంచి, గరిట మీది పాకాన్ని గిల్లి, మల్లా నీళ్ళల్లో ముంచేవాడు. రెప్పపాటు పని. నీళ్ళల్లో అది ముద్దయితే పెనం దించమని చెయ్యి ఎత్తేవాడు. నోటితో ఎప్పుడూ చెప్పడు.

పెనం మాకు లచ్చిమి. చెప్పులేసుకోని దాని కాడికి పోగూడదు. ఎవురన్నా మరిచి వస్తే, "నీ ఇంట్లో పూజ గదిలోకి గూడా చెప్పులతోనే పోతావా అప్పా?" అనేవాడు మెత్తగా. మొదటి పెనం బెల్లంలో మొదటి ముద్ద కాణిపాకం వినాయకుడికి. అది ఆయనే తీసుకోని పొయ్యేవాడు, నడిచి, వట్టి కాళ్ళతో.

నాకు అచ్చరాలు నేర్పింది ఆయనే. అప్పటికి నాకు యాభై దాటింది. ఆయన ఐదో తరగతి వరకు చదివినాడు. ఒకనాడు నేను ఏదో కాగితం మీద బొటనేలి ముద్ర వేస్తా ఉంటే చూసి, "ఈ చెయ్యి పొయ్యిలో పిప్పి తోసేదానికి తప్ప దేనికీ పనికిరాదా రా?" అన్నాడు. మరుసటి రోజు పొయ్యిలోంచి లాగిన బూడిదను చల్లారబెట్టి, నేల మీద పరిచి, పుల్లతో అ రాసినాడు. "ఆవు తోక ముడుచుకోని పండుకున్నట్టు ఉండాది సూడు." అట్ల రోజుకొకటి. నేను రాస్తే అరచేత్తో చెరిపి "ఆవు కాలిరిగింది, మల్లా రాయి" అనేవాడు. మంట తోయడం మరిచిపోతే కాలితో తన్నేవాడు గూడా.

రెండు గానుగ కాలాలకు నేను బస్సు బోర్డు చదివినాను. మూడో కాలానికి బోండాలు కట్టుకొచ్చిన పేపరు ముక్క చదివించినాడు. నేను నాలుగు వరసలు చదివి ఆపేస్తే, "సగంలో దించిన పాకం రా అది. కానీ, కడదాకా కానీ" అని తల మీద ఒకటి ఇచ్చేవాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఆ తర్వాతి కాలం మొదలైనప్పుడు ఒక వింత జరిగింది. మామ ముంతలో చెయ్యి ముంచడం మానేసినాడు. వట్టి వేళ్ళతో గరిట మీది పాకం గిల్లతా ఉన్నాడు. చూసినోళ్ళందరికీ ఒళ్ళు జలదరించేది. చిత్తూరు మండీ నుంచి బెల్లం కొనేవాళ్ళు వస్తే, గానుగ యజమాని పిలిచి చూపించేవాడు. "మా మామ చెయ్యి సూడండప్పా. అగ్గి గూడా ఆయన మాటింటాది." వాళ్ళు నోరు తెరుచుకోని చూసేవాళ్ళు. ఒకాయన ఆ చేతిని పట్టుకోని కండ్లకద్దుకున్నాడు. వినాయకుడికి అన్నేండ్లు ముద్ద మోసిన చెయ్యి గదా, ఆ ఫలం అన్నారు. నేను గూడా అన్నాను.

మామ మాత్రం వేళ్ళను తిప్పి తిప్పి చూసుకునేవాడు, కొత్తగా కొన్న వస్తువును చూసినట్టు. ఒకసారి నాతో అన్నాడు, "వేలి కొసల్లో చీమలు పారతా ఉంటాయి రా. కాళ్ళల్లో ఎప్పట్నుంచో ఉండె, ఇప్పుడు చేతుల్లోకి గూడా ఎక్కినాయి." నేను "వయసు మామా" అన్నాను. ఆయన "అంతేలే" అన్నాడు.

ఆ కాలం సగంలో ఉన్నప్పుడు, ఒక పొద్దన, పెనం గొణగబోతా ఉంది. నేను పొయ్యి కాడ కూసోనుండాను. మామ పెనం పక్కన చెవి వంచి నిలబడినాడు. నాకు వాసన తగిలింది. పిప్పి వాసన కాదు, పాకం వాసన కాదు. మేకతల కాల్చేటప్పుడు వచ్చే వాసన.

మామ గూడా ముక్కు ఎగబీల్చినాడు. "ఏంది రా కాల్తా ఉండేది? సూడు, ఎవురిదో" అన్నాడు.

నేను చూసినాను. ఆయన ఎడమ కాలి కింద నిప్పుకణిక. పొయ్యిలోంచి దొర్లినట్టుంది, ఆయన దాని మీద నిలబడి ఉన్నాడు. చర్మం మీంచి పొగ లేస్తా ఉంది. నేను "మామా కాలు" అని అరిస్తే, వంగి చూసినాడు. కాలు తియ్యలా. చూసినాడు, అంతే. పక్కింటోడి కాలును చూసినట్టు. నేను ఉరికి ఆయన పిక్క పట్టుకోని లాగేసినాను.

ఆ మొగం నేను మరిచిపోను. నొప్పి లేదు దాంట్లో. నొప్పి ఏమైపోయిందని వెతికే మొగం అది.

చిత్తూరులో డాక్టరు రక్తం చూసి, షుగరు ఎప్పట్నుంచో ఉండాదన్నాడు. చెయ్యి కాలకపోవడం గురించి నేనే గొప్పగా చెప్పబోయినాను. ఆయన నా మాట సగంలోనే తల అడ్డంగా ఊపినాడు. "నరాలు అంటే పొలానికి లాగిన కరెంటు తీగలనుకో. షుగరు వాటిని తినేస్తా వస్తాది. పొడుగు తీగలు ముందు పోతాయి. అందుకే మొదట కాళ్ళు, తర్వాత చేతులు."

మామ అడిగినాడు, "తలకాయో?"

"మెదడు గూడా నరాల ముద్దే గదా పెద్దాయనా. దానికి రక్తం తీసుకుపొయ్యే సన్న గొట్టాలు గూడా షుగరుకు చెడతాయి. మతిమరుపు రావచ్చు. షుగరు ఎప్పుడూ ఎక్కువుంటే మెదడుకు చెడుపు. ఉన్నట్టుండి మరీ పడిపోయినా చెడుపే."

"అంటే నేను కింద నించి పైకి చస్తా వస్తాండానన్నమాట" అన్నాడు మామ. నవ్వించడానికే అన్నాడు.

మాత్రలు ఇచ్చి, ఒక కాగితం ఇచ్చినారు. బస్సులో ఆయన పక్కన కూసోని దాన్ని నేనే చదివినాను, గట్టిగా, ముందు సీటోళ్ళకు గూడా వినబడేటట్టు. బూడిదలో నేర్చిన చదువు గదా, గర్వం. తీపి తినరాదు. మాత్రలు వేళకు వేసుకోవాలి. రోజూ పాదాలు చూసుకోవాలి. చెప్పులు లేకుండా నడవరాదు. దాని కింద ఇంకా ఉంది, చీమల మాదిరి చిన్న అచ్చరాలు. బస్సు ఎగిరెగిరి పడతా ఉంటే అవి గూడా ఎగిరినాయి. మడిచేసినాను.

"ఐపోయిందా?" అన్నాడు మామ.

"ఐపోయింది" అన్నాను.

అబద్ధాలు చెప్పే మనిషిని కాదని పైన రాసినాను. రెండు చెప్పినాను. ఇది మొదటిది, డాక్టరమ్మకు చెప్పింది రెండోది.

కాలిన కాలికి పుండు పడి, బొటనేలు తీసేసినారు. పుండు మానినాక మామ మల్లా గానుగకు వచ్చినాడు. చెప్పులు మాత్రం వేసుకోలా, పెనం కాడ ఎట్ల వేసుకుంటాడు? కాళ్ళకు గోనెపట్ట చుట్టుకున్నాడు. నేను బొగ్గు తీసుకోని పెనం ఎదురు గోడ మీద రాసినాను, "మామకు తీపి పెట్టగూడదు" అని. ఎవురూ చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి మాట అదే. మామ చదివి, "గూడదు దగ్గర కొంచెం వంకర పోయింది. పర్వాలేదు" అన్నాడు. వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు నేను దాన్ని చూపిస్తా వచ్చినాను. ఆయన రసం గ్లాసు ముట్టుకుంటే పిల్లోళ్ళు గూడా "మామా, గోడ సూడు" అనేవాళ్ళు.

తర్వాత మరుపు మొదలయింది. రసం పొంగేటప్పుడు మడ్డి తేలేదానికి సున్నపు నీళ్ళు పోస్తాము. ఒకనాడు పోసినాడు. పొయ్యి మంట తగ్గకముందే మల్లా పోసినాడు. బెల్లం నల్లగా దిగింది. "నా ఎనకమాల సున్నం పోసింది ఎవురు రా?" అని అందరి మీదా ఎగిరినాడు. సందకాడ అందరూ పోయినాక నా పక్కన కూసున్నాడు.

"అల్లుడా, నేనే పోసినాను గదూ?"

"ఊ."

"పోసింది నాకు తెలీలా. కాలు కాలింది తెలీనట్టే." తుండుగుడ్డ ముడి విప్పి మల్లా కట్టుకున్నాడు. "పనులన్నీ వరసగా గోడ మీద రాయి. ఏది తర్వాత ఏదో. నేను చూసుకోని చేస్తా."

రాసినాను. ఒక్కొక్క పనికీ ఆయన గోడను చూసేవాడు, అది ఎవురో పెద్దమనిషి చెప్తా ఉన్నట్టు. చెవి గూడా వంచడం తగ్గించినాడు. నేను మంట తోస్తా తోస్తా, పాకం గొణుగుడు నేనే వింటా వచ్చినాను. ఆయన చెయ్యి ఎత్తేటట్టు కనుసైగ చేసేవాణ్ణి. ఆయన ఎత్తేవాడు.

మరిచిపొయ్యేవాడికి మాత్రలు ఎట్ల గుర్తుంటాయి? అది ఎవురికీ తట్టలా.

ఆ రోజు పొద్దన రెండో పెనం మీద ఉన్నాము. మామ సంగటి తిని రాలేదని ఆయన పెండ్లాం, మా అత్త, తర్వాత చెప్పింది. మాత్ర వేసుకున్నాడు, వేసుకున్నది మరిచి మల్లా వేసుకున్నాడు. మాకేమి తెలుసు? ఆయన ఒళ్ళంతా చెమటలు. పెనం పక్కన నిలబడినోడికి చెమట పట్టకుండా ఎట్ల ఉంటాది? చేతులు వొణికినాయి. వయసు అనుకున్నాము. నాతో ఏదో అన్నాడు, మాటలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వచ్చినాయి. ఒకడు "పొద్దన్నే కల్లు పడిందా మామా?" అన్నాడు, అందరూ నవ్వినారు.

మామ నవ్వలా. తడుముకుంటా తడుముకుంటా వచ్చినాడు, ఆరబోసిన బెల్లం కాడికి. చెయ్యి చాపినాడు. ముద్ద పట్టుకున్నాడు.

ఆయన ఒళ్ళు అడిగింది. ఆయనకు తెలీకపోయినా ఒంటికి తెలుసు ఏమి కావాల్నో.

నేను పరిగెత్తినాను. ఆయన చేతిలోంచి ముద్ద గుంజుకున్నాను. "వద్దు మామా, వద్దు. గోడ సూడు. డాక్టరు వద్దన్నాడు." ఆయన మల్లా చెయ్యి చాపినాడు. నేను మల్లా పట్టుకున్నాను. ఆ చేతిలో బలం లేదు, చిన్నపిల్లోడి చెయ్యి. మూడోసారి చాపలా. నా కాళ్ళ కాడ కూలబడి గిలగిలా కొట్టుకున్నాడు.

అంబులెన్సు వచ్చేసరికి పెనం మాడిపోయింది. దాంట్లో వచ్చినాయన వేలు పొడిచి రక్తం చూసి, సూదితో నరంలోకి చక్కెర నీళ్ళు ఎక్కించినాడు. ఎక్కిస్తా, మా చుట్టూ ఆరబోసిన బెల్లం చూసినాడు. "ఇంత బెల్లం పెట్టుకోని ఒక్క ముక్క నోట్లో పెట్టలేదా?" అన్నాడు. గోడ మీద రాత ఎదురుగానే ఉండె.

మామ బతికినాడు. మనిషి మాత్రం సగమే తిరిగొచ్చినాడు. ఆ ఒక్క దెబ్బకే అట్లయిందా అని డాక్టరును అడిగినాను. ఎన్నో ఏండ్ల షుగరు మెదడును ముందే తింటా వచ్చింది, ఈ దెబ్బ ఎంత, ఆ పాతది ఎంత అని విడదీసి చెప్పలేము అన్నాడు. నన్ను ఊరడించినాడో, నిజమే చెప్పినాడో, నాకు ఇప్పటికీ తెలీదు.

కొన్నాళ్ళకు అత్త ఆయన్ను గానుగకు పిలుచుకొచ్చింది, పెనం చూస్తే తెలివి వస్తాదేమోనని. తుండుగుడ్డ ముడి ఆమె కట్టింది, ఎడమ చెవి మీదికి. పెనానికి ఖాళీగా ఉండాల్సిన చెవి అది. మామ పెనం కాడ నిలబడినాడు. పాకం గలగలా అంటా ఉంది. ఆయన దానికి చెవి ఇవ్వలా. గోడను చూసినాడు, చానాసేపు.

"ఎవురు రా ఈ గీతలు గీసింది?" అన్నాడు.

"నేనే మామా. నువ్వు నేర్పిందే" అన్నాను.

"కోడి గెలికినట్టుండాది" అన్నాడు. నవ్వు లేదు, తిట్టు లేదు. చూసింది చెప్పినాడు.

వంగి పొయ్యిలోంచి రాలిన బూడిదలో అ రాసి చూపించినాను. "ఆవు మామా, తోక ముడుచుకోనుండాది సూడు." ఆయన దాన్ని దాటుకోని పోయినాడు. గోనెపట్ట అచ్చరం మీద పడి చెరిగింది.

ఆ సందకాడే నేను ఆ కాగితం వెతికి తీసినాను. అత్త దాన్ని దేవుడి పటం ఎనక దాచిపెట్టింది. చీమల మాదిరి అచ్చరాలను ఒక్కొక్కటే వేలు పెట్టి చదివినాను. మొత్తం రెండు వరసలు. చెమటలు పట్టి, చేతులు వొణికి, మాట తడబడితే షుగరు పడిపోయినట్టు. వెంటనే చక్కెర గానీ బెల్లం గానీ తినిపించాలి.

బెల్లం గానీ, అని రాసుంది.

అత్తకు చెప్పలేదు. ఆమెకు చదువు రాదు. మామ ఆ తర్వాత రెండేండ్లు ఉన్నాడు, కడకు ఆమె పేరు గూడా పోయింది ఆయనకు. సావుకు పోతే ఆమె నా చేతులు పట్టుకోని, "నువ్వు గోడ మీద రాసి మరీ కాపాడుకున్నావు నాయనా" అనింది. అప్పుడూ చెప్పలా. ఇది అచ్చయితే ఎవురన్నా ఆమెకు చదివి చెప్తారు. చెప్పనీ.

నాకు షుగరు వచ్చి ఆరేండ్లయింది. ఈ మధ్య కాళ్ళల్లో చీమలు. పొద్దన లేస్తానే బండ మీద కాలు పెట్టి చల్లగా ఉండాదా అని చూసుకుంటాను. ఒకరోజు చల్లగా ఉంటాది, ఒకరోజు ఉండదు, ఉండని రోజు అప్పుడే ఎండ పడిందనుకుంటాను. మాత్ర వేసుకోగానే గోడ మీద బొగ్గుతో గీత పెడతాను. పోయిన వారం గీత ఉండె. పెట్టింది మాత్రం గుర్తు లేదు. మొన్న జల్లెడ చేతిలో పట్టుకోని, దాని పేరు రాక అంగట్లో నిలబడిపోయినాను. చిన్నప్పుడు నేర్చినవి కడదాకా ఉంటాయంటారు. నేను అచ్చరాలు నేర్చింది యాభై దాటినాక. పొయ్యేటప్పుడు అవే ముందు పోతాయేమో. అందుకే ఇది రాస్తా ఉండాను, ఇంకా ఉండాయా లేదా అని. ఒక్కొక్క అ రాసేటప్పుడు ఆవు కనబడతాదా అని చూస్తాను. ఇంతవరకూ కనబడింది.

డాక్టరమ్మ ఇచ్చిన కాగితం సోమారం పొద్దన విప్పినాను. మద్దేనం వరకు పట్టింది. కడదాకా చదివినాను. ఆ రెండు వరసలు దీంట్లో గూడా అడుగునే ఉండాయి, చిన్నచ్చరాలతో.

మంగళారం పోయినప్పుడు ఆ పిల్లకు చూపించినాను. "దీన్ని పైకి తీసి పెద్దగా రాయించమ్మా. మా లాంటోళ్ళు అడుగు దాకా రారు" అన్నాను. ఆ పిల్ల పెన్నుతో ఆ వరసల చుట్టూ సున్నా చుట్టి, పెద్దోళ్ళను అడుగుతాను తాతా అని పక్కన పెట్టుకుంది. జోబీలో బెల్లం ముక్క ఉండాది, అది గూడా చూపించినాను. మంచి పని అనింది.

"ఈసారన్నా నిజం చెప్తావా?"

"చెప్తా."

బల్ల మీద కాళ్ళు చాపినాను. కండ్లు మూసుకున్నాను. పక్కన ఎవురో దగ్గినారు. తలుపు కిర్రుమనింది. నేను నోరు మూసుకోని, తగిలేదానికి ఎదురు చూస్తా ఉన్నాను. ఆ పిల్ల ఏమీ అడగలా. నేనూ ఏమీ అనలా. ఇంతసేపు ఏమి చేస్తా ఉండాదో ఈ పిల్ల అనుకున్నాను.

"పెట్టమ్మా, పెట్టు. ఎంతసేపు మూసుకోని ఉండాల?" అన్నాను.

"మూడు చోట్ల పెట్టినాను తాతా" అనింది. గొంతు చానా మెల్లగా ఉంది. "రెండు కాళ్ళకూ."

నేను కండ్లు తెరవలా.

"అట్లనే రాయమ్మా" అన్నాను.